వంకర కొమ్మలు వెతికిన మనిషి

మొన్న జగిత్యాల ఊరి బయట రోడ్డు వెడల్పు చేయడానికి ఒక తుమ్మ చెట్టును నరుకుతుంటే మా బస్సు ఆగిపోయింది. దిగి నిలబడ్డ ప్రయాణికులంతా ఫోన్లు చూసుకుంటున్నారు. నేను చెట్టును చూస్తున్నాను. నిటారుగా ఉన్న మొదలును కాదు, రెండాళ్ళ ఎత్తులో మోచేయిలా వంగిన కొమ్మను. నా కుడిచేయి తనంతట తానే గాలిలోకి లేచి ఆ వంపును గీసింది. పక్కన నిలబడ్డామె నా వైపు అనుమానంగా చూసి ఒక అడుగు దూరం జరిగింది.

ఆ చూపు నాది కాదు. కొన్ని నెలల కింద చనిపోయిన ఒక మనిషిది. నాకు అంటించి పోయాడు.

ఆయన పేరు రాయను. ఒకసారి ఆయన గురించి రాస్తానంటే ఆయనే చేయి అడ్డం పెట్టాడు.

"రాత్తె రాయుండ్రి గని పేరద్దు సారూ. దర్వాజలు జేసుకొని బతికేటోణ్ణి. పేపర్లకెక్కితె పిచ్చోడనుకొని పని ఇయ్యరు."

"ఇప్పుడేమనుకుంటున్నరు?"

"ఇప్పుడు సుత పిచ్చోడనే అనుకుంటున్నరు. గని పేపర్ల లేదు గద."

కోరుట్లలో వడ్ల పని, అంటే వడ్రంగం, చేసేవాడు. ఆయనకున్నది ఒకటే కోరిక. తన చేతులతో ఒక కట్టె పడవ కట్టాలి. చేపల పడవ కాదు, ఏరు దాటించే పడవ కాదు. లోపల పడుకోవడానికి, వండుకోవడానికి చోటుండి, తెరచాప ఎత్తుకొని సముద్రం మీద ఎన్నాళ్ళయినా తిరగగలిగే పడవ. సముద్రం ఏ దిక్కున ఉందో కూడా చాలామంది ఆలోచించని ఊళ్ళో, ఇంటి వెనక రేకుల షెడ్డు కింద, ఇరవై రెండడుగుల పడవ. మొదటి కట్టె పెట్టిననాటి నుంచి చివరి మేకు దాకా పద్నాలుగేళ్ళు పట్టింది.

ఆయన కూచోవడం నేను చాలా తక్కువ చూశాను. చాయ్ కూడా తిరుగుతూ తాగేవాడు. నిలబడి మాట్లాడుతున్నా ఒంటి బరువును ఎడమ కాలి మీది నుంచి కుడి కాలి మీదికి, కుడి మీది నుంచి ఎడమ మీదికి మార్చుతూనే ఉండేవాడు, నేల కింద నీళ్ళు కదులుతున్నట్టు. చేతిలో ఎప్పుడూ వంచిన ఇనుప తీగ ఒకటి ఉండేది. పడవకు పక్కటెముకలుంటాయి. తిన్నని కట్టెను కోసి వంపు తీస్తే ఆ వంపు దగ్గర కట్టె నార తెగిపోతుంది, దెబ్బ తగిలితే అక్కడే విరుగుతుంది. చెట్టు తానే వంగి పెరిగిన చోట నార కూడా వంపు వెంట వంగి పెరుగుతుంది. అందుకని ఒక్కో ఎముకకు ఒక్కో తీగను వంచుకొని, పాత మోపెడు బండి మీద కథలాపూర్, సారంగాపూర్, ఎల్లంతకుంట దాకా పొలం గట్ల వెంట తిరిగేవాడు. తీగను తుమ్మ కొమ్మకు ఆనించి, ఒక కన్ను మూసి, తల పక్కకు వాల్చి చూసేవాడు. కుదరకపోతే చెట్టుకు చెయ్యాడించి వెళ్ళిపోయేవాడు. కుదిరితే ఆ రైతును పట్టుకునేదాకా ఊరు వదిలేవాడు కాదు. పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదని అందరూ వదిలేసిన కొమ్మలే ఆయనకు కావాలి. రైతులు ఊరికే ఇచ్చేవారు. దానితోపాటు ఒక నవ్వు కూడా ఇచ్చేవారు. ఆయన రెండూ మోపెడుకు కట్టుకొని తెచ్చుకునేవాడు.

చెట్లతో ఆగితే బాగుండేది. ఎద్దు కొమ్ముకు, నాగలి మేడికి, బస్టాండులో నిద్రపోతున్న ముసలాయన వీపుకు కూడా ఆ తీగ ఆనించేవాడు. ఒకరోజు మా ఇంట్లో నేను బల్ల మీదికి వంగి రాసుకుంటుంటే వెనక నుంచి చల్లగా ఏదో తగిలింది.

"కదలకుండ్రి సారూ. మీ ఈపు నా తొమ్మిదో ఎముకకు సరీగ సరిపోతది."

"కోస్కపోతవా?"

"అద్దు. మీ కట్టె పచ్చిగున్నది. ఊకె మాట్లాడుతది."

మా పరిచయం కూడా మాటల దగ్గరే మొదలైంది. అప్పుడు నేను జగిత్యాలలో బడిపంతులును. వారానికి ఆరు రోజులు పిల్లలకు లెక్కలు, ఏడో రోజు పెద్దలకు హేతువాదం. బాబాలతో, జ్యోతిష్కులతో వాదానికి దిగడం నాకు తిండికన్నా ఇష్టం. సారంగాపూర్ దగ్గర ఒక పల్లెలో నా పాత విద్యార్థి ఇల్లు కడుతూ దర్వాజ నిలబెట్టే రోజు పిలిచాడు. మొదటిసారి దుబాయి పోయి తెచ్చుకున్న డబ్బుతో గోడలు లేచాయి, రెండోసారి పోతే గాని కప్పు పడదు. ఆ రెండో ప్రయాణానికి కూడా పంతులే ముహూర్తం చెప్పాడట. విమానం ఎక్కే రోజును విమానం కంపెనీ కాక పంచాంగం నిర్ణయిస్తుందా? నాకు మండింది. పసుపు పూసిన ద్వారబంధం పక్కనే పంతులుతో వాదన మొదలుపెట్టాను. ముహూర్తం చూసుకొని పోయిన వాళ్ళలో ఎంతమంది ఏజెంటు చేతిలో మోసపోలేదో చెప్పమన్నాను. జనం చుట్టూ మూగారు. అప్పుడు కింద నుంచి ఒక గొంతు వినిపించింది.

"సారూ, మీరు మంచిగనే చెప్తున్నరు. గని గీ దర్వాజ వట్టుకొని చెప్పుండ్రి. మీ చేతులు ఖాళీగనే ఉన్నయి గద."

పట్టుకున్నాను. అరగంట పట్టుకొనే వాదించాను. నేను ముగించేసరికి ఆయన గుండు వేలాడదీసి నిలువు చూడటం, రాళ్ళు బిగించడం అయిపోయింది. "సారు మాట్లాడినంత సేపు దర్వాజ కదలలే" అని అందరికీ చెప్పాడు. కొబ్బరికాయ కొట్టి, కట్టె చెక్కే తన బాడిశకు దండం పెట్టుకున్నాడు.

నేను వదల్లేదు. "ఇది నిలబడేది నీ గుండుతో. పసుపుతో కాదు. ఆ సంగతి నీకు తెలుసా?"

"నాకెరుకనే సారూ," అన్నాడు. "పసుపుకు సుత ఎరుకనే."

పంతుళ్ళ నోరు మూయించిన నేను ఈ మనిషి దగ్గర ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో లెక్కలేదు. అందుకే వదిలిపెట్టలేకపోయాను. నెలకు ఒకసారయినా కోరుట్ల వెళ్ళేవాణ్ణి. ఆయన భార్య చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ ఉండేది. ఆ ఇంటి పొయ్యి వెలిగేది ఎక్కువగా ఆమె వేళ్ళతోనే. ఆకు కత్తిరిస్తూ, తలెత్తకుండా మాట్లాడేది.

"గీ పడవ నేను సచ్చినా ఎక్క సారూ. నాకు చెరువు సూత్తెనే కండ్లు తిరుగుతయి."

"మరి కట్టనిస్తున్నవెందుకక్కా?"

"కట్టనియ్యకుంటె ఇంట్ల తిరుగుతడు. ఇంట్ల తిరిగేకన్న పడవ సుట్టు తిరుగుడు నయం."

ఈ కోరిక ఎక్కడ పుట్టిందని అడిగాను. ఆయన దుబాయిలో ఆరేళ్ళు చేశాడు. కార్పెంటర్ వీసా అన్నారు. పోయాక తెలిసింది, షట్టరింగ్ పని. సిమెంటు పోయడానికి చెక్క పెట్టెలు బిగించాలి, సిమెంటు గట్టిపడగానే వాటిని గడ్డపారతో ఊడబీకి పారేయాలి. "ఆరేండ్లల్ల నేను జేసిన పని ఒక్కటి సుత నిలవలేదు సారూ. ఏది జేసినా పలగ్గొట్టుడే. ఎంత సాఫ్‌గ జేసినా పలగ్గొట్టుడే. గా బిల్డింగులు సూత్తె నాయని అనిపియ్యది." శుక్రవారం సెలవు. గదిలో ఉన్న పన్నెండు మందీ నిద్రపోతుంటే ఆయన నడుచుకుంటూ ఊళ్ళోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ ఒడ్డుకు పోయేవాడు. అక్కడ కచ్ నుంచి వచ్చిన ఒక ముసలి మేస్త్రీ చెక్క పడవలు కట్టేవాడు. కాగితం మీద గీత లేదు, కొలబద్ద లేదు. కంటితో చూసి కట్టేవాడు. ఏడాది పాటు ఈయన పక్కన నిలబడి చూశాడు. ఒక శుక్రవారం ఆ ముసలాయన మాట్లాడకుండా బాడిశ చేతికిచ్చాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన కుడి అరచేయి తెరుచుకునేది, ఆ పిడి ఇంకా అందులో ఉన్నట్టు.

నేను మాత్రం ఆ పడవతో ఏళ్ళ తరబడి పోట్లాడాను. ఆ రోజులు అట్లాంటివి. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నెలల తరబడి ఆగిపోయేవి. నేత కార్మికులు భివండీకి రైలెక్కేవారు, ఎక్కలేని వాళ్ళు ఇంట్లోనే ఉరి వేసుకునేవారు. కథలాపూర్ వైపు ఊళ్ళలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్ళకు ఈయన చేసిన టేకు తలుపులు దేవిడీ తలుపుల్లా ఉండేవి. లోపల బీడీల చాటలు, ముసలివాళ్ళు, ఎదురుచూపులు. "ఊరంత నా తలుపులే. తెరిసేటోళ్ళే లేరు" అనేవాడు ఆయనే. నాకు మండిపోయేది. ఇంత నైపుణ్యం ఉన్న చేతులు దేనికి ఖర్చవుతున్నాయి? ఎవరి ఆకలి తీరుతుంది దీనితో? ఒకరోజు అడ్డంగా నిలబెట్టి అడిగాను.

"చేపలు పడతవా?"

"లేదు."

"ఇసుక మోస్తవా?"

"లేదు."

"మరి ఏం చేస్తవు దానితో?"

"అండ్ల ఉంట. పోత. ఆగాలనిపిత్తె ఆగుత."

"ఎక్కడికి పోతవు?"

ఆయన చిత్రిక పట్టే రంద ఆపి, పలక మీది పొట్టు ఊది, నా మొహం చూశాడు. "ఫలానా తావుకని పోతె గది వలస సారూ. నాకు గది సాలు."

నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం నా అలవాటు.

నేను ఆ పడవ పక్షానికి వచ్చింది వేరే కారణంతో. ఆ కారణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గవుతుంది.

గల్ఫ్‌లో చనిపోయిన వాళ్ళు చెక్క పెట్టెల్లో ఇంటికి వస్తారు. హైదరాబాదు విమానాశ్రయం నుంచి అంబులెన్సులో పెట్టె ఊరికి చేరుతుంది. శవాన్ని దించుకున్నాక ఆ పెట్టెను ఎవరూ ముట్టరు. ఇంట్లో పెడితే ఇంకో చావు వస్తుందని భయం. కాలుస్తారు, లేదా వాగు ఒడ్డున పడేస్తారు. దుబాయి గదిలో ఈయన పక్క మంచం మీద పడుకున్న కథలాపూర్ వైపు మనిషి అట్లాంటి పెట్టెలోనే తిరిగొచ్చాడు. అంత్యక్రియలకు పోయిన ఈయన తిరిగొచ్చేటప్పుడు ఆ పెట్టెను విప్పి, పలకలు మోపెడుకు కట్టుకొని తెచ్చాడు. ఆ తర్వాత ఎక్కడ పెట్టె వచ్చిందని తెలిసినా పోయి అడిగేవాడు. తీసుకుపోతే చాలన్నట్టు ఇచ్చేవారు. పడవ లోపల నేల, కూచునే బల్లలు ఆ పలకలతోనే వేశాడు. వాటి మీద విమానంవాళ్ళు ముద్ర వేసిన అక్షరాలు, అంకెలు ఉన్నాయి. అన్ని పలకలకూ రంద పట్టాడు గాని ఆ అక్షరాల మీద పట్టలేదు.

"ఇది మెత్త కట్టె కదా, ఎందుకు?" అన్నాను.

"గీ పలకలు సముద్రం దాటొచ్చినయి సారూ. నీళ్ళు మాత్రం తాకలేదు. ఒక్కపారి తాకనియ్యుండ్రి."

సంగతి వాడకట్టంతా పాకింది. శవం పెట్టెలతో పడవ కట్టినవాడు మా ఇంటి దర్వాజ ముట్టొద్దన్నారు. పని ఇచ్చేవాళ్ళు తగ్గారు. బీడీల కార్ఖానా దగ్గర ఆయన భార్య పక్కన కూచోవడానికి ఆడవాళ్ళు వెనకాడారు. ఇక నన్నెవరు ఆపగలరు? ఇన్నేళ్ళు పనికిరాదన్న పడవ నాకు ఒక్క రోజులో ఆయుధమైంది. కట్టె కట్టెనే, చావు దానికి అంటదు అని ఊరూరా చెప్పాను. ఒక్క విషయం ఎవరికీ చెప్పలేదు. ఆ షెడ్డులో ఆ బల్ల మీద కూచోమని ఆయన ఎన్నిసార్లు అన్నా, ఏదో ఒక సాకుతో నేను నిలబడే ఉండేవాణ్ణి.

సిరిసిల్ల పక్కన మానేరు మీద జలాశయం నిండిన ఏడాది పడవ పూర్తయింది. దగ్గరలో అంత నీళ్ళు మరెక్కడా లేవు. సిరిసిల్లలో నాలుగు సాంచాలున్న ఒక ఆసామి ఆయనకు స్నేహితుడు. పని లేని రోజుల్లో సాంచాలు తుప్పు పట్టకుండా ఉండాలని మందపాటి నూలుతో తెరచాప గుడ్డ నేసి ఇచ్చాడు. పలకల సందుల్లో కూరడానికి నూనెలో నానబెట్టిన నూలు కూడా అతనిదే. ఇక నీళ్ళలోకి దించడమే మిగిలింది.

దించే రోజును నేనే నిర్ణయించాను. అమావాస్య, రాహుకాలం. కరపత్రాలు వేయించాను. మైకు పెట్టించాను. శవపేటికల పలకలతో కట్టిన పడవ అమావాస్యనాడు తేలుతుంది, వచ్చి చూడండి, మీ భయాలను ఆ నీళ్ళలో వదలండి అని రాశాను. కరపత్రం ఆయనకు చదివి వినిపించాను. కాలు మార్చుతూ, గడ్డం గోక్కుంటూ విన్నాడు.

"మంచిగున్నది సారూ. గని మొదలు పది దినాలు పడవ నీళ్ళు తాగుతది. తాగినంక పిలువుండ్రి జనాన్ని."

బాడిశకు దండం పెట్టే మనిషి. చెట్టు కొట్టే ముందు చెట్టును అనుమతి అడిగే మనిషి. అట్లాంటి మనిషి పడవ నీళ్ళు తాగుతుందంటే నేనేమనుకోవాలి? ఇది ఇంకొక తంతు అనుకున్నాను. పదిరోజుల తంతు. నవ్వి, "నీ పడవకు దాహం ఎక్కువ" అన్నాను. ఆయన కూడా నవ్వాడు. అంతటితో ఆ మాట పోయింది. నేను పోనిచ్చాను.

ఆ రోజు ఒడ్డున మూడు వందల మందికి తక్కువ లేరు. ఆయన పడవలో నిలబడ్డాడు. పదిమంది తోశారు. పడవ నీళ్ళలోకి జారి, ఒకసారి ఊగి, తేలింది. నేను మైకులో అరిచాను. చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగకముందే ప్రతి సందులోంచీ నీళ్ళు ఊరడం మొదలైంది. ముందు సన్నగా, తర్వాత ధారగా. ఆయన కాలి మడమలు మునిగాయి. ఆయన మొహంలో మాత్రం కంగారు లేదు. బల్ల మీద కూచున్నాడు. ఆ మనిషి అంత స్థిమితంగా కూచోవడం నేను అప్పుడే చూశాను.

ఒడ్డున గోల లేచింది. "పెట్టె పలకలు ముంచుతున్నయిరా!" "సచ్చినోళ్ళు ఊకుంటరా?" "ఏం సారూ, గిప్పుడు జెప్పుండ్రి మైకుల!" పడవ మునిగితే ఈ జనం ఇరవై ఏళ్ళు ఇదే కథ చెప్పుకుంటారు. ప్రతి సభలో ఎవడో లేచి ఈ పడవనే నా మొహాన కొడతాడు. నా కళ్ళకు పడవ కనిపించలేదు. ఆ సభలు కనిపించాయి.

"గుంజుండ్రి! ట్రాక్టరు తేండ్రి!" అన్నాను మైకులోనే.

"అద్దు!" ఆయన లేచి రెండు చేతులూ ఊపాడు. "అద్దద్దు సారూ! తాగనియ్యుండ్రి! మునగనియ్యుండ్రి, ఏం గాదు!"

మునగనివ్వమంటున్నాడు! మతి తప్పిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. ఇద్దరు నీళ్ళలోకి దిగి ఆయనను పట్టుకొని ఒడ్డుకు తెచ్చారు. పడవ ముక్కుకు మోకు కట్టారు. ట్రాక్టరు గుంజింది. నిండా నీళ్ళున్న పడవ ఎంత బరువుంటుందో ఎవరూ ఆలోచించలేదు. లెక్కల పంతులునైన నేను కూడా ఆలోచించలేదు. ముందు భాగం గట్టెక్కింది. నడుమ కింద ఆసరా లేదు. ఒక చప్పుడయింది. పెద్ద చప్పుడు కాదు, పొయ్యిలో చితుకు విరిగినట్టు. పడవ అడుగున వెన్నులా సాగే దూలం నడిమికి విరిగింది. రెండు తుమ్మ ఎముకలు చీలాయి. విరిగిన చోటి నుంచి నీళ్ళన్నీ బయటికి పోయి ఇసుకలో ఇంకాయి.

జనం మెల్లగా పలచబడ్డారు. ఆయన పడవ చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. అరవలేదు.

"సారూ, మీది ఎవుసం జేసుకునే ఇల్లేనంటిరి గద?"

"అవునక్కా."

"ఎండకాలం బండి గిర్రలు చెరువుల ఎందుకేత్తరు?"

ఎండకు కట్టె ముడుచుకొని బండి చక్రాల కీళ్ళు వదులవుతాయి. నీళ్ళలో నానితే ఉబ్బి, బిగుసుకుంటాయి. చిన్నప్పుడు ఆ గిర్రలను చెరువుకు దొర్లించుకుంటూ పోయింది నేనే. పడవ పలకలు కూడా అంతే. నీళ్ళు పీల్చి ఉబ్బేదాకా కారతాయి, ఉబ్బాక సందులన్నీ మూసుకుంటాయి. ఆయన దాన్ని తాగడం అన్నాడు. ఆయనకున్న మాట అది. నేను భౌతికశాస్త్రాన్ని మూఢనమ్మకం అనుకున్నాను, చెప్పినవాడు బొట్టు పెట్టుకున్నాడు గనక. పరీక్షించకుండా నమ్మొద్దని జీవితమంతా చెప్పినవాణ్ణి, పరీక్ష పూర్తి కాకముందే తీర్పు చెప్పాను. తప్పుడు తీర్పు చెప్పే పంతుళ్ళను నేను ఏమనేవాణ్ణో అదంతా నాకు వర్తిస్తుంది. వాళ్ళకన్నా ఎక్కువే వర్తిస్తుంది. వాళ్ళెవరూ ఎవరి పద్నాలుగేళ్ళ పనినీ ట్రాక్టరుకు కట్టి గుంజించలేదు.

క్షమించమన్నాను. ఆయన నా భుజం మీది బురద తుడిచాడు.

"మీ మీటింగ్ అయిపోయింది గద సారూ. ఇగ నా పని నేను జేసుకుంట."

అంతే. దెప్పలేదు. ఆ తర్వాత కోరుట్ల పోయినప్పుడల్లా చాయ్ ఇప్పించాడు, వానల గురించి, మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడాడు. పడవ మాట ఎత్తితే మాత్రం లేచి నడిచేవాడు. షెడ్డుకు తాళం ఉండేది. కొత్త దూలానికి కావలసిన కట్టె ఇక్కడ దొరకదని, బొంబాయిలో ఏదో ఫర్నిచర్ దుకాణంలో ఏడాది పనిచేసి వచ్చాడని విన్నాను. అరవై దాటిన వయసులో. నేను చేసిన పనికి ఆయన మళ్ళీ వలస పోయాడు. మెల్లగా నేను కోరుట్ల పోవడం మానేశాను. పని ఎక్కువైందని నాకు నేనే చెప్పుకున్నాను. సాకులు వెతకడంలో హేతువాదికి ఎవరూ సాటిరారు.

ఫోన్ ఆయన భార్యే చేసింది. బాడిశకు సాన పడుతూ పడిపోయి, మళ్ళీ లేవలేదట. పదకొండో రోజుకు పోయాను. షెడ్డు తలుపు తెరిచే ఉంది. లోపల తుమ్మ పొట్టు, గోడకు వరసగా మేకులకు వేలాడదీసిన ఇనుప తీగలు. పడవ లేదు.

"పడవేదక్కా? అమ్మిండా?"

"నీళ్ళల్ల ఉన్నది."

"ఏ నీళ్ళల్ల?"

"మీరు గుంజిపిచ్చిన నీళ్ళల్లనే."

మూడేళ్ళ కిందనే దించారట. ఆయన, ఆమె, సిరిసిల్ల ఆసామి, అంతే. లోతు లేని చోట మోడుకు కట్టేసి, నీళ్ళు తాగి అంచులదాకా మునిగేంతవరకు వదిలేశారు. తొమ్మిది రోజులు ఒడ్డునే ఉన్నారు. ఆమె గొడుగు కింద బీడీలు చుట్టింది. పదో రోజు పొద్దున ముగ్గురూ డబ్బాలతో నీళ్ళు తోడారు. మళ్ళీ ఊరలేదు.

"నాకొక మాట చెప్పకపోతిరి," అన్నాను.

"నేను జెప్పుమన్న సారూ. సారుకు జెప్తె మైకు దెత్తడన్నడు." మళ్ళీ తనే, "కోపంతోని గాదు. నవ్వుకుంటనే అన్నడు" అంది.

అది విన్నాక కోరుట్లలో ఉండలేకపోయాను. మరుసటి రోజే ఆమెతో కలిసి సిరిసిల్ల బస్సెక్కాను. ఆసామి ఒడ్డున ఎదురుచూస్తున్నాడు. నల్లగా, నూనె మెరుపుతో, మోకుకు కట్టేసి ఉంది పడవ. చిన్న అలలకు ఎడమకూ కుడికీ బరువు మార్చుతూ ఉంది. ఆ కదలిక నాకు తెలుసు.

"గీ నీళ్ళ కింద మునిగిన ఊరోళ్ళు అడిగి మరీ ఎక్కేటోళ్ళు సారూ," అన్నాడు ఆసామి. "నడుమ దాకా పోయినంక ఆపుమనేటోళ్ళు. గీడనే మా ఇల్లు, గీడ మా బాయి అని నీళ్ళల్లకు సూసుకుంట కూసునేటోళ్ళు. గాయన తెరచాప దించి ఊకుండేటోడు. ఎంత సేపంటె గంత సేపు."

పడవతో ఏం చేస్తావని నేనడిగినప్పుడు ఆయన దగ్గర ఈ జవాబు లేదు. ఉన్నా నాకు చెప్పి గెలవాలనుకునే మనిషి కాదు.

"సముద్రం?" అన్నాను.

"సముద్రం దాక నడుమ ఎన్ని డ్యాం కట్టలున్నయో గాయనకు ఎరుకలేదా?" అంది ఆమె. "గాలికి గుడ్డ నిండితె కండ్లు మూసుకునేటోడు. నేను సుత ఎక్కిన రెండుపార్లు. కండ్లు తిరగలే."

ఆమె ముందెక్కింది. నన్ను ఎక్కమంది. బల్ల మీద ఆ అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఒక మనిషి ప్రయాణాన్ని తూకం వేసి రాసిన అంకెలు. మూడు వందల మంది ముందు కట్టె కట్టెనే అన్న నాకు, ఆ అంకెల మీద కూచోవడానికి ఒక నిమిషం పట్టింది. కూచున్నాను. కట్టె వెచ్చగా ఉంది. కింద నేల పలకలు పొడిగా ఉన్నాయి. సందులో గోరు పెట్టి చూశాను, దూరలేదు.

"నీళ్ళ కిందివి మంచిగనే ఉన్నయి," అంది ఆమె. "పై పలకలే ఎండకు ఇడుస్తున్నయి. వారానికోపారి వచ్చి తడిపేటోడు. నాకు మోకాళ్ళు లేవు, గీయనకు సాంచాలు. ఇగ ఎవరు తడుపుతరో."

ఆమె నన్ను అడగలేదు. నీళ్ళకేసి చూస్తూ తనలో తాను అనుకున్నట్టు అంది.

అందుకే మొన్న ఆ బస్సులో ఉన్నాను. ఆదివారాలు నాకిప్పుడు సభలు లేవు. జగిత్యాలలో పొద్దున్నే బయల్దేరి సిరిసిల్ల చేరి, పడవెక్కి, ఆయన వాడిన డబ్బాతోనే నీళ్ళు ముంచి, ముక్కు దగ్గర మొదలుపెట్టి ఒక్కో పలక మీద పోసుకుంటూ వెనకదాకా పోతాను. మెల్లగా పోయాలి, లేకపోతే జారిపోతాయి. రెండో చుట్టుకు కట్టె రంగు ముదురుతుంది. మూడో చుట్టుకు సందులు సన్నబడతాయి.

మొన్న బస్సు ఆలస్యంతో ఎండ ముదిరాక చేరాను. పని నడుమ ఒడ్డు మీద గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన ఆగాడు. కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు.

"ఏం పూజ సారూ గది?"

ఒకప్పుడైతే గొర్రెలన్నీ పడుకునేదాకా ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నాలుక దాకా వచ్చింది కూడా. మింగేసి, డబ్బా ముంచాను.

"పూజ గాదు. తాగుతున్నది," అన్నాను.